ఐదువందల గడి

వాగా వాగాలో జులై.
పచ్చిక మీద మంచు గట్టిపడి
గులాబీరంగు గలా పిట్టలు
కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాయి.
శనివారం క్లాసు. తొమ్మిది మంది.
హీటరు పక్క కుర్చీ కోసం పోటీ తప్ప
కేటలాగు సిద్ధాంతం మీద ఎవరికీ ఆవేశం లేదు.

బల్ల మీద ఒకే పుస్తకం మూడు ప్రతులు పెట్టాను.
గొర్రెల జబ్బులూ వాటి మందులూ,
ఎవరో పశువైద్యుడు రాసింది,
వెల నాలుగు షిల్లింగులు.
"ఇవి ఎన్ని పుస్తకాలు?"
"మూడు," అంది టాంసిన్.
"ఒకటే," అన్నాడు డర్రా.
ఇద్దరూ ఒప్పే. అక్కడే ఉంది మన జీతం.

తలలో మెదిలినంతసేపూ అది కృతి.
మాటల్లోకి దిగితే రూపం.
అచ్చయితే ముద్రణ.
నీ చేతికి బరువు తగిలేది ప్రతి.
బోర్డు మీద నాలుగు మెట్లు గీశాను.
పై మెట్టు మీద ఎవరూ ఎన్నడూ కాలు పెట్టలేదు,
కింది మూడూ దాన్ని పట్టుకునే వేలాడుతున్నాయి.
పదకొండేళ్ళుగా ఈ మాట చెబుతున్నాను,
చెప్పిన ప్రతిసారీ కొంచెం అనుమానంతో.

తర్వాత పేర్లు.
మనిషికి ఒక్కటే శీర్షిక ఉండాలి,
మిగతా పేర్లన్నీ దాని వైపు వేలు చూపించి
"చూడుము" అని తప్పుకోవాలి.
ఉదాహరణకి నన్నే వాడుకున్నాను.
జీతాల ఆఫీసులో సువర్చల ముక్కామల,
లైసెన్సు మీద ముక్కామల సువర్చల,
పళ్ళ డాక్టరు దగ్గర మిస్ ముక్కా.
మాలో ఇంటిపేరు ముందు నడుస్తుంది,
మనిషి వెనక వస్తుంది అని చెప్పి
అక్కడితో ఆగలేక సామెత కూడా అనువదించాను:
ఇంటిపేరు కస్తూరివారు,
ఇల్లంతా గబ్బిలాల కంపు.
ఎవరూ నవ్వలేదు.
మెలే మాత్రం రాసుకుంది, పరీక్షలో వస్తుందేమోనని.

అప్పుడు నెవిల్,
ముప్ఫై రెండేళ్ళు రైళ్ళకి సిగ్నళ్ళు చూసి
యాభై తొమ్మిదో ఏట బడికొచ్చినవాడు,
మూడో ప్రతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఇది వరదలో మునిగింది."
"ఏ వరద?"
"ఏదైతేనేం, నది ఒకటే కదా.
మా ఇంట్లో కార్పెట్లు పీకేశాక కూడా
రెండేళ్ళు ఇదే వాసన. దీన్ని ఎక్కడ రాయాలి?"

ఎత్తుకి గడి ఉంది,
సెంటీమీటర్లలో, పై అంకెకి సర్దేసి.
పేజీలకి ఉంది. బొమ్మలకి ఉంది.
అచ్చులో లేనిది మనం ఊహించి రాస్తే
అది మన ఊహేనని ఒప్పుకోడానికి
నలుచదరపు బ్రాకెట్లు ఉన్నాయి.
వాసనకి లేదు.
"ఐదువందల గడి," అన్నాను. "సాధారణ గమనిక.
ఎక్కడా పట్టనిదంతా అందులోకే."
అంటుంటే మా వంటింటి సొరుగు గుర్తొచ్చింది,
ఏ తాళానిదో తెలియని చెవి,
ఒంటి గుండీ, ఎవరిదో చిరునామా.

టాంసిన్ ఒప్పుకోలేదు.
"వాసన వెతుక్కుంటూ లైబ్రరీకి ఎవరొస్తారు?"
సిద్ధాంతం ఆమె పక్షమే.
నెవిల్ వాదించలేదు. పేజీలు తిప్పుతున్నాడు.

సాయంత్రం రికార్డులు దిద్దాను.
అందరికీ ఇచ్చింది మూడో ప్రతే.
ఎనిమిదింటిలో గమనిక ఒకటే: నీటి మరకలు.
నెవిల్ రాసింది ఇది:
"నీటి మరకలు, 97వ పేజీ దాకా. మర్రంబిడ్జి వాసన.
గిట్టల కుళ్ళు అధ్యాయంలో పేజీ మూల మడిచి ఉంది.
పక్కన పెన్సిలుతో: పదకొండు పోయాయి.
దాని కింద, వేరే పెన్సిలుతో: పద్నాలుగు."

గమనిక మరీ పొడుగు.
నియమం ప్రకారం అర మార్కు తగ్గాలి.
తగ్గించాను.

దీపాలార్పే ముందు
మూడో ప్రతి తెరిచి నేనూ వాసన చూశాను.
నాకు నది తగల్లేదు.
పాత కాగితం, కాస్త బూజు,
గబ్బిలాలని ఎవరైనా అంటే కాదనను.
మూసి, వెనక అట్ట తిప్పాను.
రెండో ప్రతి బార్‌కోడుకీ దీనికీ
చివరి అంకె ఒక్కటే తేడా.

అర మార్కు సంగతి సోమవారం చూద్దాం.